ఏనుగు మీద పిస్టల్, కాలిబాటలో కర్ర: పులి నుంచి మనిషిని కాపాడింది ఏది?

ఈ ఎపిసోడ్ టాపిక్ కొంచెం వింతగా ఉంటుంది, కానీ చివరిదాకా చూడండి. ప్రశ్న ఏంటంటే, అడవిలో పులో చిరుతో మీదకొస్తే కాపాడుకోవడానికి ఎలాంటి పిస్టల్ పెట్టుకోవాలి? అమెరికాలో కొండల్లో నడకకి వెళ్లేవాళ్లు ఇప్పటికీ దీని మీద గంటలకొద్దీ వాదించుకుంటారు. అక్కడ ప్యూమా అనే పెద్ద పిల్లి ఉంటుంది కాబట్టి. కానీ వాళ్లకంటే చాలా ముందే, 19వ శతాబ్దంలో, ఈ ప్రశ్న మీద బాగా డబ్బులు, బుర్ర ఖర్చుపెట్టింది మన దేశంలో ఉన్న ఇంగ్లీషు దొరలు. పులి కోసమని ప్రత్యేకంగా ఒక పిస్టల్ రకమే పుట్టింది. దాని పేరు హౌదా పిస్టల్. హౌదా అంటే ఏనుగు మీద కట్టే అంబారీ.

ఆ పిస్టల్ కథ చెప్పుకుంటే ఇంకో కథ కూడా బయటికొస్తుంది. పులి భయం ఎవరికి ఎక్కువ? తుపాకి ఎవరి చేతిలో ఉంది? ఈ రెండూ ఒకరే కాదు. అసలు విషయం అక్కడుంది.

ముందు 1792కి వెళ్దాం. డిసెంబర్ 22. బెంగాల్‌లో హుగ్లీ నది సముద్రంలో కలిసేచోట సాగర్ అనే దీవి. ఓడ దిగిన కొంతమంది ఇంగ్లీషు కుర్రాళ్లు జింకల వేటకి వెళ్లారు. మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నారు. పులులు రాకుండా పక్కనే పెద్ద పెద్ద దుంగలతో మంట వేసుకున్నారు. చుట్టూ మనుషులున్నారు, తుపాకులున్నాయి. అయినా ఒక పెద్దపులి వచ్చి వాళ్లలో ఒకణ్ణి నోట కరుచుకుని వెళ్లిపోయింది. అతను హెక్టర్ మన్రో అనే కంపెనీ సేనాని కొడుకు. స్నేహితుడు తుపాకి పేల్చాడు, పులి అతన్ని వదిలేసింది కూడా. కానీ ఆ గాయాలతో ఒక రోజులోనే కుర్రాడు చనిపోయాడు. టిప్పు సుల్తాన్ దగ్గర ఒక ఇంగ్లీషువాడి మీద పులి ఎక్కి కూర్చున్న చెక్క బొమ్మ ఉండేది కదా, ఇప్పుడు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది, దానికి స్ఫూర్తి ఈ సంఘటనే అని చాలామంది చెప్తారు.

ఇక్కడ ఒక్క పాయింట్ గుర్తుపెట్టుకోండి. తుపాకి పేలింది. పులి వదిలేసింది. కానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

ఎందుకలా? చిన్న లెక్క చూద్దాం. పులి కొద్ది దూరం గంటకి 50 కిలోమీటర్ల వేగంతో దూకగలదు. అంటే సెకనుకి దాదాపు 14 మీటర్లు. అది 20 మీటర్ల దూరంలో పొదలోంచి బయటపడితే మీకు దొరికే టైమ్ సెకనున్నర. అందులో మీరు చూడాలి, అర్థం చేసుకోవాలి, తీయాలి, గురిపెట్టాలి, పేల్చాలి. పైగా పెద్ద పిల్లులు ఎక్కువగా వెనక నుంచి, పక్క నుంచి వస్తాయి. ఎదురుగా వచ్చి గర్జించి టైమ్ ఇచ్చే పులి సినిమాల్లోనే ఎక్కువ.

ఇప్పుడు అంబారీ దగ్గరికొద్దాం. రాజులు, దొరలు చేసే పెద్ద వేటలు ఎలా ఉండేవంటే, వరసగా ఏనుగులు గడ్డిలోకి దిగుతాయి. పైన అంబారీలో వేటగాడు పెద్ద రైఫిల్‌తో కూర్చుంటాడు. దెబ్బ తగిలిన పులి ఒక్కోసారి పారిపోకుండా ఏనుగు మీదకే ఎగురుతుంది. తొండం పట్టుకుని, కుంభస్థలం మీదకి పాకుతుంది. ఏనుగు భయంతో ఊగిపోతుంటే ఒక చేత్తో అంబారీ పట్టుకోకపోతే కింద పడతారు. పొడుగు రైఫిల్ తిప్పడానికి చోటుండదు. పైగా 19వ శతాబ్దం మధ్య వరకూ తుపాకులు గొట్టం మూతిలోంచి మందు కూరి, గుండు దించి నింపాల్సినవే ఎక్కువ. రెండు గొట్టాలూ పేల్చేశాక అది చేతిలో ఒక ఇనపకర్ర, అంతే.

అందుకే ఒంటి చేత్తో, రెండడుగుల దూరంలో పేల్చడానికి ఒక పొట్టి ఆయుధం కావాల్సొచ్చింది. హౌదా పిస్టల్ అలా పుట్టింది. పక్కపక్కనే రెండు లావు గొట్టాలు. కొన్నయితే మామూలు రైఫిళ్లని పొట్టిగా కోసి చేసినవే. 1866లో బ్రిటిష్ సైన్యం స్నైడర్ రైఫిల్ తీసుకుంది. దాని తూటా పాయింట్ 577 అంగుళాలు, అంటే దాదాపు 14.7 మిల్లీమీటర్ల లావు. ఆ సైనిక రైఫిల్ తూటానే పేల్చే హౌదా పిస్టళ్లు కూడా చేశారు. దాన్ని ఒంటి చేత్తో పేల్చడం ఊహించుకోండి. మణికట్టు జివ్వుమంటుంది. రెండో దెబ్బ ఎటు పోతుందో చెప్పలేం.

మరి అప్పటికే రివాల్వర్లు ఉన్నాయి కదా అంటారా? ఉన్నాయి. 1851లో లండన్‌లో జరిగిన గ్రేట్ ఎగ్జిబిషన్‌లో అమెరికన్ కోల్ట్, ఇంగ్లీష్ ఆడమ్స్ రెండు రివాల్వర్లనీ జనం చూశారు. కోల్ట్ నేవీ రివాల్వర్ ఆరు దెబ్బలు వేస్తుంది. కానీ తూటా పాయింట్ 36, అంటే సుమారు 9 మిల్లీమీటర్లు. ప్రతి దెబ్బకీ ముందు బొటనవేలితో గుర్రం వెనక్కి లాగాలి. తుపాకి మీద ఉండే కొక్కేన్నే గుర్రం అంటారు. ఆడమ్స్‌కి ట్రిగ్గర్ నొక్కితే చాలు. దగ్గరి పోరాటంలో అది నయం అన్నారు.

సో, ఎంచుకోవాల్సింది ఇదీ. ఆరు చిన్న దెబ్బలా, రెండు పెద్ద దెబ్బలా? ఈ వాదన ఎందుకు తెగదంటే, గుండెకి తూటా తగిలిన పులి కూడా కొన్ని సెకన్లపాటు తన పని తాను చేస్తుంది. అక్కడికక్కడే ఆగిపోవాలంటే మెదడుకో వెన్నెముకకో తగలాలి. ఊగుతున్న ఏనుగు మీంచి, కదులుతున్న పులి తలకి, ఒంటి చేత్తో. పెద్ద తూటా అయితే గురి తప్పుతుంది, చిన్న తూటా అయితే పులి ఆగదు. ఏది ఎంచుకున్నా ఒకటి వదులుకోవాల్సిందే.

1880ల్లో చార్లెస్ లాంకాస్టర్ కంపెనీ మధ్యేమార్గంగా నాలుగు గొట్టాల పిస్టల్ తెచ్చింది. 1887లో బ్రిటిష్ సైన్యం వెబ్లీ రివాల్వర్ తీసుకుంది. దాని తూటా పాయింట్ 455, ఆరు దెబ్బలు. ఇంకోవైపు రైఫిళ్లే మారిపోయాయి. వెనక నుంచి క్షణాల్లో తూటాలు వేసుకునే పద్ధతి, పొగలేని మందు వచ్చాయి. పులిని దూరంలోనే పడగొట్టగలిగితే రెండడుగుల దూరంలో పేల్చే పిస్టల్‌తో పనేముంది? అలా హౌదా పిస్టల్ మెల్లగా కనుమరుగైంది. ఇప్పుడు అది వేలంపాటల్లో, మ్యూజియంలలో కనిపించే వస్తువు.

ఇంతవరకూ పిస్టల్ కథ. ఇప్పుడు అదే ఏనుగు మీద ఇంకొకాయన్ని చూడండి. మావటి. అంబారీకి ముందు, ఏనుగు మెడ మీద కూర్చుంటాడు. పులి పాకితే ముందు దొరికేది ఆయన కాళ్లే. ఆయన చేతిలో ఏముంది? అంకుశం. కింద గడ్డిలో డప్పులు కొడుతూ, కేకలేస్తూ పులిని తరిమే ఊరివాళ్ల చేతిలో ఏముంది? కర్రలు. పిస్టల్ ఉన్నది అందరికంటే ఎత్తులో కూర్చున్నవాడి దగ్గర.

ఇది డబ్బు ఒక్కదాని విషయం కాదు, చట్టం కూడా. 1878లో వైస్రాయ్ లిట్టన్ హయాంలో ఆయుధాల చట్టం వచ్చింది. భారతీయులు తుపాకి పెట్టుకోవాలంటే లైసెన్స్ కావాలి. యూరోపియన్లకి మాత్రం మినహాయింపు. 1857 తిరుగుబాటు భయం వాళ్లని వదల్లేదన్నమాట. దాంతో పశువులు కాసేవాళ్లు, గడ్డి కోసేవాళ్లు, కట్టెలు తెచ్చుకునేవాళ్లు, అంటే రోజూ పులి దారిలో నడిచేవాళ్లు, ఉత్త చేతులతో మిగిలారు.

దీనికి బెస్ట్ ఉదాహరణ 1907లో కుమావూ కొండల్లో దొరుకుతుంది. చంపావత్ ఆడపులి. నేపాల్‌లో, కుమావూలో కలిపి 436 మందిని చంపిందని లెక్క చెప్తారు. దాని కోసం జిమ్ కార్బెట్ వచ్చాడు. పులిని తరమడానికి ఊళ్లవాళ్లు కావాలి. అప్పుడు అక్కడి తహసీల్దారు ఏమని చాటించాడో తెలుసా? లైసెన్స్ లేని తుపాకులు తెచ్చినా చూసీ చూడనట్టు ఉంటాను, కావాలంటే మందుగుండు కూడా ఇస్తాను అని! దాదాపు 300 మంది వచ్చారు. ఇంట్లో దాచుకున్న పాత తుపాకులన్నీ బయటికొచ్చాయి. ఇదంతా కార్బెట్ తన పుస్తకంలో రాసుకున్నాడు. ఆలోచించండి, వందలమంది చనిపోయాక, ఒక్క రోజు కోసం, ఒక అధికారి కళ్లు మూసుకుంటే తప్ప ఆ జనం తుపాకి పట్టుకోలేకపోయారు.

ఆ రోజు చివరి ఘట్టం కూడా మన టాపిక్‌కి కరెక్టుగా సరిపోతుంది. కార్బెట్ దగ్గర ఉన్నవి మూడే తూటాలు. అయిపోయాయి. గాయపడిన పులి ఎదురుగా ఉంది. పరిగెత్తుకెళ్లి తహసీల్దారు చేతిలోని పాత తుపాకి లాక్కుని, తిరిగొచ్చి, దాదాపు 20 అడుగుల దూరం నుంచి పులి నోటికి గురిపెట్టి పేల్చాడు. తగిలింది ఎక్కడో తెలుసా? కాలి పంజాకి. పులి చనిపోయింది ముందు తగిలిన రైఫిల్ దెబ్బలకి. కార్బెట్ అంతటివాడే, 20 అడుగుల్లో, భుజానికి ఆనించే తుపాకితో గురి తప్పాడు. మనం నడుముకి పిస్టల్ పెట్టుకుని ధైర్యంగా ఉందామంటే ఎలా?

సరే, మరి తుపాకి లేని జనం ఇన్ని వందల ఏళ్లు ఎలా బతికారు? గుంపుగా నడిచారు. చీకటి పడకముందే ఇల్లు చేరారు. దారిలో గట్టిగా మాట్లాడుకుంటూ, పాడుకుంటూ వెళ్లారు. పిల్లల్ని మధ్యలో నడిపించారు. ఈ పద్ధతులన్నిటి వెనకా ఒకటే లాజిక్. పెద్ద పిల్లికి కావాల్సింది ఒంటరి, చిన్న, ఏమరుపాటుగా ఉన్న ప్రాణి. అలా కనిపించకపోతే చాలాసార్లు అదే పక్కకి తప్పుకుంటుంది.

1980ల చివర్లో సుందర్‌బన్స్‌లో ఇదే లాజిక్‌తో, తేనె తీసేవాళ్లకీ కట్టెలు కొట్టేవాళ్లకీ తల వెనక పెట్టుకునే మనిషి ముఖం మాస్కులిచ్చారు. పులి వెనక నుంచి వస్తుంది కదా, వెనకా ముఖం కనిపిస్తే తడబడుతుందని. మొదట్లో బాగా పనిచేసింది. తర్వాత కొన్ని పులులకి అలవాటైపోయింది. 2024లో కాగజ్‌నగర్ వైపు పత్తి చేలో పనిచేస్తున్న ఒక యువతి పులి దాడిలో చనిపోయాక, అక్కడ రైతులకి అటవీశాఖ ఇచ్చింది కూడా అలాంటి మాస్కులే.

ఇంక తిరుమల సంగతి మీ అందరికీ తెలుసు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపని చిరుత పొట్టనపెట్టుకుంది. తర్వాత భక్తులకి చేతికర్రలిచ్చారు. ఫోన్లలో ఎన్ని మీమ్స్ వచ్చాయో గుర్తుందా? చిరుతకి కర్రా అని నవ్వుకున్నాం. కానీ కర్రతో పాటు ఇంకా చేశారు. గుంపులుగా పంపారు. మధ్యాహ్నం రెండు దాటాక చిన్నపిల్లల్ని ఆ దారిలో వదల్లేదు. బోన్లు పెట్టి చిరుతల్ని పట్టారు. కర్ర ఒక్కటే అయితే నవ్వుకోవచ్చు. గుంపు, టైమ్, వెలుతురు, వాటితో పాటు కర్ర అంటే అది ముత్తాతల నాటి పద్ధతే.

ఇప్పటి చట్టం కూడా తెలుసుకోండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో వెళ్లడమే నేరం. అదే చట్టం, నిజంగా ప్రాణం కాపాడుకోవడానికి జంతువుని చంపాల్సొస్తే అది నేరం కాదని కూడా చెప్తుంది. కాబట్టి నల్లమలకో శేషాచలానికో ట్రెక్కింగ్‌కి వెళ్తే పిస్టల్ ఆలోచన పక్కన పెట్టండి. ఒంటరిగా వెళ్లొద్దు. ఇయర్‌ఫోన్స్ తీసేయండి. ఎదురైతే పరిగెత్తొద్దు, కింద కూర్చోవద్దు. పిల్లలుంటే ఎత్తుకోండి. చేతులు పైకెత్తి గట్టిగా అరుస్తూ, దాన్ని చూస్తూనే మెల్లగా వెనక్కి నడవండి.

హౌదా పిస్టల్ గొప్ప పనితనమే, నేను కాదనను. కానీ దాన్ని ఎంచుకున్నవాడు పులిని వెతుక్కుంటూ వెళ్లినవాడు. పులే తన దారిలోకి వచ్చిన మనిషికి ఆ ఎంపిక ఎప్పుడూ దొరకలేదు. అతన్ని కాపాడింది పక్కన నడిచిన ఇంకో నలుగురు.

మీ ఊళ్లో, మీ తాతల కాలంలో పులి భయానికి ఏం చేసేవాళ్లో అడిగి కింద కామెంట్లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.