తడబడిన మాటలోని సాక్ష్యము

సాక్షి మాట తడబడినచో నది కల్ల యని త్రోసివేయుట రచ్చలయందును న్యాయస్థానములయందును గల వాడుక. అన్నియెడల నిది ధర్మమగునా? ఐరోపా యూదుల కథ విన్న పిమ్మట మీరే నిర్ణయింపుడు.

1941 మొదలు 1945 వరకు నాజీ జర్మనీయు దాని తోడివారును సుమారు 60 లక్షలమంది యూదులను చంపిరి. చావు తప్పినవారి మాటలను సేకరించుటకై 1946లో డేవిడ్ బోడర్ అను మానసశాస్త్రాచార్యుడు అమెరికా నుండి ఐరోపాకు బోయెను. ఉక్కుతీగపై ధ్వనిని నిలుపు యంత్రమును ముందుంచుకొని సుమారు 130 మందిని విచారించెను. వారి కథలు తిన్నగా సాగలేదు. నడుమ మౌనము, కన్నీరు. వెనుకది ముందు, ముందుది వెనుక. బోడరు ఆ వంకరలను దిద్దలేదు. తొట్రుపాటు కూడ గాయమునకు గుర్తే యని యాతని తలంపు.

1944లో ఆష్విట్జు శిబిరమునకు గొనిపోబడిన ఇటలీ రసాయనశాస్త్రజ్ఞుడు ప్రీమో లేవి 1947లో దన గ్రంథమును వెలువరించెను. అందలి ప్రకరణములు క్రమము ననుసరించినవి కావనియు, ఏది చెప్పక తీరదో అదియే ముందు వ్రాయబడినదనియు నాతడే పీఠికలో దెలిపెను.

ఇల్లు కాలుచుండగా జూచినవాడు మంటను మరువడు గాని వాసములను లెక్కింపడు. ఇందుకొక నిదర్శనము గలదు. 1944 అక్టోబరు 7వ తేదీన ఆష్విట్జు దహనశాలలలో బలవంతముగా బనిచేయింపబడిన యూదు బందీలు తిరుగబడిరి. ఆ దినమును జూచిన యొక స్త్రీ, పెక్కేండ్ల పిమ్మట అమెరికాలో సాక్ష్యమిచ్చుచు, నాలుగు పొగగొట్టములు పేలిపోయెనని చెప్పెను. నిజమునకు నాశమైన దహనశాల యొక్కటియే. కావున నామె మాట నమ్మదగదని కొందరు చరిత్రకారు లనిరి. ఆమెను విచారించిన వైద్యుడు డోరీ లౌబ్ ఒప్పుకొనలేదు. జరుగనేరదని యెల్లరును దలచినది కన్నులయెదుట జరిగెననుటయే యామె సాక్ష్యమని వాదించెను.

పొగగొట్టముల లెక్కకు పత్రములను, శిథిలములను అడుగవలెను. అచట నిలిచిన మనిషి యేమి యనుభవించెనో ఆ మనిషినే యడుగవలెను. 1945 జనవరిలో నాజీలు పారిపోవుచు మిగిలిన దహనశాలలను గూల్చివేసిరి. ఆ హత్యాకాండ జరుగనే లేదనువారు నేటికిని సాక్షుల చిన్న పొరపాటులను బట్టుకొని వాదింతురు. కావున పొరపాటును దాచరాదు; పొరపాటు జూపి సాక్షినే కాదనరాదు.

ఇకముందు మీ యెదుట నెవరైన మాట తెగి యూరకున్నచో, తొందరపడి లేచిపోకుడు. ఆ మౌనమును గూడ వాఙ్మూలములో వ్రాసికొనుడు.