కట్టుకొడగె నుండి అనుమతిపత్రము వరకు

చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాలలో తెలుగు మాటాడు కుటుంబములు తరతరములుగా నున్నవి. పెన్న, చిత్రావతి, పాపఘ్ని యీ ప్రాంతపు కొండలలోనే పుట్టినను, ఏడాది పొడవున పారు నీరు లేనందున ఇచటి రైతు చెరువునే నమ్ముకొనెను. 2007లో ప్రత్యేక జిల్లా యేర్పడువరకు ఈ తాలూకాలు కోలారు జిల్లాలోనివి. ఆ జిల్లా శాసనములను బెంజమిన్ లూయిస్ రైసు 1905లో ఎపిగ్రాఫియా కర్ణాటికా పదవ సంపుటముగా ప్రకటించెను.

చెరువు కట్టించినవానికి, బాగుచేసినవానికి ఇచ్చు భూమిని కన్నడమున కట్టుకొడగె యందురు. తెలుగునాట దీనికి దగ్గరిది దశబంధ మాన్యము. ఇట్టి దానశాసనములందు ఇచ్చువాడెవడు, పుచ్చుకొనువాడెవడు, ఎల్లలెవ్వి, అనుభవ మెంతకాలము అనునవి వ్రాయబడుచుండెను. దాత నోటిమాట అతనితోనే పోవును. రాతిపై మాట నిలుచును.

నేటి సాఫ్టువేరు లైబ్రరీకిని ఇదే అవసరము కలదు. లైబ్రరీ యనగా పలు ప్రోగ్రాములు వాడుకొనుటకై యొకచో కూర్చిన పనిముట్ల సముదాయము. దానిని పదిమంది చూచునట్లు ఉంచినంతమాత్రమున దానమిచ్చినట్లు కాదు. 1957 నాటి కాపీరైటు చట్టమునకు 1984లో జరిగిన సవరణచే కంప్యూటరు ప్రోగ్రాము సాహిత్యకృతులలో చేరినది. కావున నమోదు లేకున్నను వ్రాసిన క్షణముననే హక్కు పుట్టును. అనుమతి లేనిదే ఇతరులు దానిని మార్చి పంచరాదు. కర్త మరణించినను, పని మానుకొనినను ఆ లైబ్రరీ గండిపడిన చెరువువలె నిరుపయోగమగును.

అనుమతి నిచ్చువాడు మొదట తాను యజమాని యగునో కాదో తెలిసికొనవలెను. ఉద్యోగధర్మముగా వ్రాసినదానికి, వేరు ఒప్పందము లేనిచో, చట్టపు 17వ విభాగము ననుసరించి యజమాని ఉద్యోగమిచ్చినవాడే. పిదప పత్రము నెన్నుకొనవలెను. 1989లో వెలువడిన జీపీఎల్, మార్చిన ప్రతిని పంచువాడు దాని మూలమును గూడ అదే షరతుతో నీయవలెనని విధించును. లైబ్రరీలకై 1991లో వచ్చిన ఎల్‌జీపీఎల్, ఆ కట్టుబాటును లైబ్రరీవరకే యుంచి, దానిని వాడు ప్రోగ్రామును విడిచిపెట్టును. ఎంఐటీ పత్రము హక్కు ప్రకటనను, అనుమతి వాక్యములను నిలుపుమని మాత్రమే కోరును.

కాలమును, ఎల్లలను చెప్పుట మన దేశమున మరింత ముఖ్యము. హక్కు బదిలీలో కాలము చెప్పనిచో ఐదేండ్లనియు, ప్రాంతము చెప్పనిచో భారతదేశమే యనియు 19వ విభాగము భావించును. 30ఏ విభాగము ఆ నియమమును లైసెన్సులకు సైతము అన్వయించును. 2004 నాటి అపాచీ రెండవ పత్రము శాశ్వతమనియు, ప్రపంచవ్యాప్తమనియు స్పష్టముగా పలుకును. 2007 నాటి జీపీఎల్ మూడవ రూపము కాపీరైటు ఉన్నంతకాలము చెల్లును. శాసనములలోని 'ఆచంద్రార్కము' అను మాట చేసిన పని యిదియే.

పత్రపు పూర్తిపాఠమును లైబ్రరీతోడనే యుంచి, ప్రతి మూలఫైలు శిరమున కర్త పేరు, సంవత్సరము, పత్రనామము వ్రాయవలెను. పరుల భాగములు చేర్చినచో వారి షరతులు పొసగునో లేదో చూడవలెను. అపాచీ రెండవ పత్రము జీపీఎల్ మూడవదానితో పొసగును, రెండవదానితో పొసగదు.

ఈ జాగ్రత్త ఫలించుటకు తెలుగులోనే నిదర్శనము కలదు. పలు ఫాంట్ల సంకేతములలో చిక్కుకొనిన భారతీయ భాషల పాఠమును యూనికోడులోనికి మార్చు 'పద్మ'ను వెన్న నాగార్జున జీపీఎల్ క్రింద విడుదల చేసెను. దాని యాధారముననే వీవెన్ 'లేఖిని'ని నిర్మించెను. ఆంగ్లాక్షరముల మీటలతో తెలుగు వ్రాయ నేర్చినవా రెందరో లేఖినితోనే మొదలిడిరి. ఒకరి కట్టకు మరియొకరు తూము అమర్చిరి; ఏలయన, అమర్చవచ్చునని మొదటివారు ముందే వ్రాసియుంచిరి.

ఇంట తెలుగు, బడిలో కన్నడము చదివి పెరిగిన బాగేపల్లి, చింతామణి యువకులు ఈ రెండు లిపులను కలుపు లైబ్రరీని వ్రాయుటకు తగినవారు. అట్లు వ్రాసిననాడే అనుమతిపత్రమును గూడ చేర్చుదురుగాక.