ఫోను మీటలపై అంకెల వరస

ఫోను మీద 1, 2, 3 పై వరసలో ఉంటాయి, లెక్కల యంత్రం మీద 7, 8, 9. లెక్కల యంత్రానికి అలవాటైన గుమాస్తాల వేళ్ల వేగాన్ని ఫోను లైన్లు తట్టుకోలేవని అమెరికాలో కావాలనే వరస తిరగేశారని ఒక కథ ప్రచారంలో ఉంది. అది నమ్మదగ్గది కాదు. డయల్ తిప్పే ఆలస్యాన్ని తగ్గించడానికే మీటల ఫోను తెచ్చినవాళ్లు, అదే ఫోనును నెమ్మదిగా నొక్కేలా ఎందుకు చేస్తారు? ఆ వరస వాడేవాళ్లను అడిగి, కొలిచి నిర్ణయించింది. బెల్ ల్యాబ్స్‌లో జాన్ కార్లిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అప్పటికే ఆ అలవాటు నాటాడు. డయల్ అంకెలను వేలి రంధ్రాల బయటికి జరిపినప్పుడు జనం డయల్ చేసే వేగం తగ్గింది. వేలికి గురి లేకపోవడమే కారణమని పసిగట్టి, ఆయన ప్రతి రంధ్రంలో ఒక చుక్క పెట్టించాడు. పోయిన వేగం తిరిగొచ్చింది. ఇంత చిన్న చుక్క వెనుక అంత ఓపికైన పరిశీలన ఉండడం నాకు గొప్పగా తోస్తుంది.

1955లో మేరీ లట్జ్, అల్ఫాన్స్ చపానిస్ అనే పరిశోధకులు అంకెలు ఎక్కడ ఉండాలనుకుంటున్నారో మామూలు మనుషులనే అడిగారు. ఎక్కువమంది పుస్తకం చదివినట్టే ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి పేర్చారు. ఆ తర్వాత బెల్ ల్యాబ్స్‌లో డైనింజర్ అనే పరిశోధకుడు రకరకాల అమరికలను పరీక్షించి 1960లో ఫలితాలు ప్రచురించాడు. మంచి అమరికల మధ్య వేగంలోగానీ తప్పుల్లోగానీ పెద్ద తేడా లేదని తేలింది. అలాంటప్పుడు ఇంత శ్రమ దేనికని అడగవచ్చు. తేడా స్వల్పమని కొలవకుండా తెలిసేది కాదు. తెలిశాక ఇంజినీర్లు తక్కువ చోటు పట్టే అమరికను ధైర్యంగా ఎంచుకోగలిగారు. 1963 నవంబరులో పెన్సిల్వేనియాలో ఆ అమరికతో మీటల ఫోన్లు జనం చేతికొచ్చాయి.

ఇంతకంటే బలమైన అభ్యంతరం ఇంకొకటుంది: అప్పటికే వాడుకలో ఉన్న లెక్కల యంత్రం వరసనే తీసుకుంటే రెండింటికీ ఒకటే అలవాటు సరిపోయేది కదా! కానీ ఆ అలవాటు గుమాస్తాలది, ఫోను అందరిదీ. 1968లో బ్రిటన్‌లో కాన్రాడ్, హల్ అనే పరిశోధకులు రెండు వరసలనూ పోల్చినప్పుడు, అలవాటు లేనివాళ్లు ఫోను వరస మీదే తక్కువ తప్పులు చేశారు. అయినా ఆ నిర్ణయానికి మూల్యం లేకపోలేదు: కంప్యూటర్ కీబోర్డు అంకెల మీటలు లెక్కల యంత్రం దారిలో, ఏటీఎంలు చాలావరకు ఫోను దారిలో పోయాయి. రోజంతా అంకెలు కొట్టే బ్యాంకు ఉద్యోగి వేళ్లు ఇప్పటికీ రెండు వరసలూ గుర్తుంచుకోవలసిందే.