రంపచోడవరం: చిగురు పన్నుపై రగిలిన పితూరీ

రంపచోడవరం: రాజమహేంద్రవరం నుంచి కోరుకొండ, గోకవరం దాటి ఉత్తరంగా సాగే రహదారి మైదానాన్ని విడిచి కొండల్లోకి ప్రవేశించే చోట రంపచోడవరం ఉంది. మారేడుమిల్లికి, చింతూరుకు, ఆపైన భద్రాచలానికి వెళ్లే ప్రయాణికులకు ఇది టీ తాగి బయలుదేరే మజిలీ. పరిసర గ్రామాల గిరిజనులకు ఇది సంత, ఆసుపత్రి, కార్యాలయాల ఊరు. 19వ శతాబ్ది రికార్డులలో దీని పేరు కేవలం చోడవరం. విశాఖ వైపు మరొక చోడవరం ఉండగా, ఈ ఊరికి సమీపంలోని రంప గ్రామం పేరు ముందు చేరింది. పాత శివాలయం గల ఆ చిన్న పల్లెయే ఒకప్పుడు సుమారు 800 చదరపు మైళ్ల కొండసీమకు పేరిచ్చింది.

మన్యం పోరాటం అనగానే అల్లూరి సీతారామరాజు పేరు స్ఫురిస్తుంది. అది సహజమే. అయితే ఆయన ఈ కొండల్లో విల్లంబులు పట్టించడానికి నాలుగు దశాబ్దాల ముందే, 1879లో, ఇక్కడి కొండరెడ్లు, కోయలు మద్రాసు ప్రభుత్వాన్ని ఏడాదికి పైగా ముప్పుతిప్పలు పెట్టారు. ఆ తిరుగుబాటుకు మూలం భూమి కాదు, మతం కాదు. కల్లు చెట్టు మీద వేసిన పన్ను.

మన్సబు పుట్టుక

ఈస్టిండియా కంపెనీ 1802-03 ప్రాంతంలో గోదావరి మండలంలో శాశ్వత శిస్తు పద్ధతిని అమలు చేసినప్పుడు రంప కొండలు లెక్కలోకి రాలేదు. వాటిని కొలిచినవారు లేరు, శిస్తు కట్టినవారూ లేరు. ఇక్కడి పాలకుడు రామభూపతి దేవు కొండ దిగి వచ్చి మైదానంలోని కొన్ని గ్రామాలను ఆక్రమించాడు. కంపెనీ సేనలు ఆయనను వెనక్కు నెట్టాయి గాని కొండలలో నిలబడి పాలించగల శక్తి వాటికి లేదు. చివరకు 1813లో ఒక ఏర్పాటు కుదిరింది. రంప ప్రాంతాన్ని కప్పం లేని మన్సబుగా ఆయనకే వదిలారు. కొండల్లో శాంతిభద్రతలు కాపాడటం, కొండవారు మైదానం మీదికి దిగకుండా చూడటం ఆయన బాధ్యత. కంపెనీకి ఇది చౌక బేరం.

మన్సబుదారు కింద ముఠాదారులు ఉండేవారు. కొన్ని గ్రామాల గుంపు ఒక ముఠా. దాని పెద్ద ముఠాదారు. తన పల్లెల్లో తగవు తీర్చేది, శిస్తు వసూలు చేసేది, అవసరమైతే మనుషులను కూడగట్టేది ఆయనే. కొండవారికి మన్సబుదారు దూరపు ప్రభువు, ముఠాదారు ఇంటి మనిషి. ఈ తేడా పట్టించుకోనివారికి రంప చరిత్ర అర్థం కాదు.

1835లో రామభూపతి దేవు మరణించాడు. ఆయనకు ఒక కుమార్తె, వివాహేతర సంబంధంలో కలిగిన ఒక కుమారుడు ఉన్నారు. మొదట కుమార్తెకు అధికారం దక్కింది. తర్వాత ఆమె సోదరుని పక్షాన తప్పుకుంది. ముఠాదారులు ఈ మార్పులను అంగీకరించలేదు. ఫలితంగా కొండలు 1840లలో అట్టుడికాయి. 1848లో ప్రభుత్వం మధ్యవర్తిత్వం వహించి ముఠాదారుల చేత కొత్త మన్సబుదారును ఒప్పించింది. ఏటా ఆయనకు నిర్ణీత మొత్తం చెల్లించడం ఆ ఒప్పందంలోని షరతు. అంతకు మించి వసూలు చేయకూడదన్నది దానిలో దాగిన మాట. ఆ మాటే నిలవలేదు.

అవతలి ఒడ్డున మార్పు

కొండల కింద అదే కాలంలో గోదావరి డెల్టా రూపు మారుతోంది. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాలువలు తవ్వారు, వరి పొలాలు విస్తరించాయి, మైదానంలో డబ్బు చలామణి పెరిగింది. ఆ డబ్బుతో వర్తకులు కొండలెక్కారు. చింతపండు, కలప కొనడం, ఉప్పు, బట్టలు, అప్పులు ఇవ్వడం వారి వ్యాపారం.

చదువు రాని కొండవాడు వేసిన వేలిముద్రతో పత్రం పుట్టేది. గడువు తీరగానే మైదానపు కోర్టులో దావా పడేది. కొండ దిగి రాజమహేంద్రవరం వెళ్లి వాదించుకోలేని ప్రతివాది గైరుహాజరుతో ఏకపక్షంగా డిక్రీ వచ్చేది. ఆ కాగితం పట్టుకుని వర్తకుడు పోలీసు తోడుతో కొండెక్కి దొరికిన పశువులను, ధాన్యాన్ని జప్తు చేసేవాడు. అయిదు రూపాయల బాకీకి నూరు రూపాయల సొత్తు తరలిపోయిందన్న ఫిర్యాదులు తర్వాతి విచారణలో నమోదయ్యాయి. 1907లో హెమింగ్వే రచించిన గోదావరి జిల్లా గెజిటీరులోనూ ఈ విషయం చోటు చేసుకుంది. ప్రభుత్వ ఉద్యోగి రాసిన గ్రంథంలో ఈ మాట ఉందంటే నిజ పరిస్థితి ఎంత తీవ్రంగా ఉండేదో ఊహించవచ్చు.

మద్రాసు రాష్ట్రంలో 1859 చట్టంతో కొత్త పోలీసు వ్యవస్థ ఏర్పడింది. రంపలోనూ ఠాణాలు వెలిశాయి. చోడవరం ఠాణా వాటిలో ముఖ్యమైనది. కొండదారుల గస్తీకి వచ్చిన కానిస్టేబులు జీతం మీదనే బతికిన దాఖలాలు తక్కువ. కోడి, ధాన్యం, వెట్టిచాకిరి ఆయన హక్కులుగా మారాయి. 1858లోను, 1861-62లోను కొండల్లో అలజడులు రేగి అణగారాయి. ఎవరూ కారణాలు వెతకలేదు.

చెట్టు మీద చేయి

కొండరెడ్డికి కల్లు విలాసం కాదు. జీలుగు చెట్టు నుంచి తీసే కల్లు, తాటికల్లు వేసవి నెలల్లో వారి కడుపు నింపేవి. పోడు పంట అయిపోయి, కొత్త పంట రావడానికి చాలా రోజులున్నప్పుడు మామిడి టెంకల జీడితో కాచే అంబలి, జీలుగు మాను దవ్వ దంచి చేసుకునే పిండి, కల్లు తప్ప మరేమీ మిగలదు. పెళ్లికి, చావుకు, కొండదేవత జాతరకు కల్లు లేనిదే తంతు సాగదు. ఇంటి అవసరానికి గీసుకునే చెట్టుపై ఎవరికీ ఏమీ ఇవ్వనవసరం లేదన్నది తరతరాల నమ్మకం.

మన్సబుదారు ఈ చెట్టు మీద చిగురు పన్ను విధించాడు. కొమ్మ చిగురించినా సొమ్ము కట్టవలసినదే అన్నట్టున్న ఆ పేరే జనానికి మంట పుట్టించి ఉంటుంది. వంటచెరకుకు, పశువుల మేతకు కూడా రుసుములు వచ్చాయి. 1870లలో మద్రాసు ప్రభుత్వపు ఆబ్కారీ నిబంధనలు తోడయ్యాయి. కల్లు గీత హక్కును వేలంలో గుత్తకు ఇచ్చారు. సొంత అవసరానికి గీసుకోవడం కూడా నిషిద్ధమైంది. గుత్తేదారు మైదానం నుంచి వచ్చిన వర్తకుడు. ఆయన తన వాటా అడిగాడు. మన్సబుదారు మొదలు పన్ను పేర మరికొంత కలిపాడు. ఇంటి వెనుక చెట్టు నుంచి ముంత దించుకోవాలంటే ఇద్దరికి చెల్లించవలసిన దుస్థితి దాపురించింది.

ఈ సొమ్ము వసూలు చేసే పని ముఠాదారుల నెత్తిన పడింది. నిరాకరిస్తే పదవి పోతుంది, అంగీకరిస్తే ఊరు దూరమవుతుంది. కొందరి ముఠాలను మన్సబుదారు అప్పటికే కాజేశాడు. చాలామంది ముఠాదారులు ఊరి పక్షాన నిలిచారు.

1879 మార్చి

1879 మార్చి రెండవ వారంలో బోదులూరు వైపు పోలీసులపై దాడితో పితూరీ ఆరంభమైంది. కొద్ది రోజులలోనే తిరుగుబాటుదారులు చోడవరం ఠాణాను చుట్టుముట్టారు. మాట్లాడటానికి వచ్చిన అధికారులకు వారు చెప్పిన మాటల సారం రికార్డులకెక్కింది. మన్సబుదారు, కల్లు గుత్తేదారు, పోలీసుల బాధ భరించలేక బతుకు గడవడం లేదని, ఎలాగూ బతకలేం గనుక పోలీసులను చంపి తామూ చావదలిచామని వారు చెప్పుకొచ్చారు. అధికారులు విచారణ జరిపిస్తామన్నారు. ఆ హామీని ఎవరూ నమ్మలేదు.

నాయకత్వం ఒక్కరి చేతిలో లేదు. బోదులూరు అంబుల్ రెడ్డి, కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య, పులికంట సాంబయ్య తదితరులు ఎవరి ప్రాంతంలో వారు దళాలు నడిపారు. చంద్రయ్య అడ్డతీగల ఠాణాను తగులబెట్టించాడు. ఏప్రిల్‌లో మంటలు విశాఖ జిల్లా గూడెం కొండలకు, జూలైలో భద్రాచలం తాలూకా రేకపల్లికి పాకాయి.

రేకపల్లి కథ వేరు. ఆ ప్రాంతం 1874 వరకు సెంట్రల్ ప్రావిన్సులలో ఉండేది. అక్కడ పోడుకు గొడ్డలికి నాలుగణాల చొప్పున కట్టేవారు. ఒక గొడ్డలితో ఎంత నరుక్కోగలిగితే అంత సాగు చేసుకోవచ్చు. మద్రాసు రాష్ట్రంలో కలిసిన తర్వాత ఆ శిస్తు దాదాపు మూడింతలైంది. పైగా కొన్ని అడవులలో పోడు కొట్టరాదన్నారు. కల్లు బాధ పడుతున్న రంపకు, పోడు బాధ పడుతున్న రేకపల్లి తోడు నిలవడంలో ఆశ్చర్యం లేదు.

అణచివేతకు ప్రభుత్వం దించిన బలగాల జాబితా చూస్తే పితూరీ స్థాయి తెలుస్తుంది. పొరుగు జిల్లాల పోలీసులకు తోడు మద్రాసు పదాతి దళపు ఆరు రెజిమెంట్లు, ఒక అశ్విక స్క్వాడ్రను, సాపర్లు-మైనర్ల రెండు కంపెనీలు, హైదరాబాదు కాంటింజెంటు నుంచి కొంత పదాతి సైన్యం వచ్చాయి. నాటు తుపాకులు, విల్లంబులు ధరించి చిన్న చిన్న గుంపులుగా తిరిగే కొండవారి మీదికి ఇంత సేన. అయినా వారు ఎదురుపడి పోరాడితే గదా! ఠాణా తగులబెట్టి అడవిలో కలిసిపోయేవారు. సిపాయిలను తుపాకుల కంటే మన్యం జ్వరమే ఎక్కువగా పడగొట్టింది. ఆ జ్వరాన్ని నేడు మలేరియా అంటున్నాం.

కొండదారులు తెలిసినవారిని లోబరుచుకోవడం, పల్లెలకు తిండి అందకుండా చేయడం, తలలకు వెలలు ప్రకటించడం ద్వారా ప్రభుత్వం మెల్లగా పైచేయి సాధించింది. 1880 ఫిబ్రవరిలో చంద్రయ్య హతుడయ్యాడు. అంబుల్ రెడ్డి పట్టుబడ్డాడు. తమ్మన్నదొర మల్కనగిరి కోయలను కూడగట్టాడు. 1880 జూలైలో అక్కడే పోలీసు కాల్పులలో నేలకొరిగాడు. ఒడిశావారు ఆయనను తమ మల్కనగిరి తిరుగుబాటు వీరునిగా స్మరిస్తారు. మన పాఠ్యపుస్తకాలలో మాత్రం ఆయనకు అంత చోటు దక్కలేదు.

విచారణలో తేలినది

సైన్యం కొండలలో ఉండగానే కారణాలపై విచారణ జరిగింది. రెవెన్యూ బోర్డుకు చెందిన సలివన్ 1879 చివర నివేదిక సమర్పించాడు. మన్సబుదారు దోపిడీ, కల్లు గుత్త, పోలీసుల ఆగడాలు, మైదానపు కోర్టుల తీర్పులు ప్రధాన కారణాలని తేలింది. కొండవారు మార్చిలో ఠాణా ముందు నిలబడి చెప్పినది కూడా ఇదే.

మన్సబుదారును తొలగించారు. మన్సబు రద్దయింది. విధేయంగా ఉన్న ముఠాదారులకు ప్రభుత్వం నేరుగా సనదులిచ్చి స్వల్ప కట్టుబడి నిర్ణయించింది. చిగురు పన్ను పోయింది. ఇంటి అవసరానికి కల్లు గీసుకునే హక్కు రంప గిరిజనులకు తిరిగి దక్కింది. గంజాం, విశాఖ కొండలలో 1839 నుంచి అమలులో ఉన్న ఏజెన్సీ పద్ధతిని ఇక్కడికీ విస్తరించారు. సాధారణ కోర్టుల స్థానంలో కలెక్టరే గవర్నరు ఏజెంటుగా కొండల వ్యవహారాలు చూడసాగాడు. నేటికీ ఈ ప్రాంతాన్ని జనం ‘ఏజెన్సీ’ అని పిలవడం అప్పటినుంచి వచ్చినదే.

ఊరు మారినది కూడా ఇక్కడే. 1879కి ముందు చోడవరం కొండసీమలో ఒక ఠాణా గల పల్లె. పితూరీ తర్వాత సైన్యానికి దారులు వేశారు, ఠాణాను బలపరిచారు, ఏజెన్సీ పాలనకు ఇది నిలయమైంది. కార్యాలయం వెంట సంత, సంత వెంట మైదానపు దుకాణదారులు వచ్చారు. కొండవారు తరిమివేయదలచిన వర్తకుడు ఈసారి ఊళ్లోనే ఇల్లు కట్టుకున్నాడు.

పోడు సమస్యను ఎవరూ తాకలేదు. 1882 మద్రాసు అటవీ చట్టం రిజర్వు అడవుల పేరుతో దాన్ని మరింత బిగించింది. గిరిజనుల భూములు మైదానవాసులకు బదిలీ కాకుండా అడ్డుకునే మొదటి చట్టం రావడానికి 1917 వరకు ఆగవలసివచ్చింది. 1922లో సీతారామరాజు వెంట నడిచిన వారి ఫిర్యాదుల్లో అడవి ఆంక్షలు, రోడ్డు పనులలో వెట్టి ముందు వరుసలో నిలిచాయి. ఆ ఏడాది అక్టోబరులో ఆయన దళం అడ్డతీగల తర్వాత అడుగుపెట్టిన ఠాణా రంపచోడవరం.

పితూరీ తర్వాత సనదులు పొందిన ముఠాదారీ పద్ధతి స్వాతంత్ర్యానంతరం కూడా కొనసాగి, 1969 నాటి నిబంధనతో రైతువారీగా మారింది. చిరకాలం తూర్పు గోదావరి జిల్లాలో ఉన్న రంపచోడవరం 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు పేరిట ఏర్పడిన జిల్లాలో చేరింది. ఊరి నుంచి మారేడుమిల్లి వెళ్లే దారిలో జీలుగు కల్లు సీజనులో గిరిజనులు నేటికీ చెట్టెక్కి కుండలు దించుతారు.