సాఫ్టువేరు నాణ్యత: కోడు పరిమాణం, బహిరంగత

సాఫ్టువేరు నాణ్యత అనగా ఒక ప్రోగ్రాము తనకు అప్పగించిన పనిని తప్పులు లేకుండా, భద్రంగా చేయగలగడం. దీనిని అంచనా వేయడానికి కోడులోని పంక్తుల సంఖ్యను, సోర్సు కోడు అందరికీ అందుబాటులో ఉన్నదా లేదా అన్న విషయాన్ని తరచుగా పేర్కొంటారు. ఇవి ఉపయోగపడే సూచికలే గాని, ఏ ఒక్కటీ నాణ్యతకు నిదర్శనం కాదు. భారతదేశపు ఎలక్ట్రానిక్ ఓటింగు యంత్రాలపై (ఈవీఎం) జరిగిన చర్చ ఇందుకు ఉదాహరణ.

కోడు పరిమాణం

చిన్న ప్రోగ్రామును పూర్తిగా చదివి పరీక్షించడం తేలిక. అయితే పెద్దదైనంత మాత్రాన ప్రోగ్రాము నాసిరకమని చెప్పరాదు. 1991లో సుమారు 10 వేల పంక్తులతో వెలువడిన లినక్సు కెర్నలు నేడు 3 కోట్ల పంక్తులను దాటినది. ఇందులో అధికభాగం వివిధ పరికరాలను నడిపే డ్రైవర్లే.

వెయ్యి పంక్తులకు ఎన్ని దోషాలున్నవో తెలిపే లెక్కను దోష సాంద్రత అంటారు. 1,000 పంక్తులలో 10 దోషాలున్న ప్రోగ్రామును అనవసరంగా 2,000 పంక్తులకు పెంచితే, దోషాలు తగ్గకుండానే సాంద్రత 10 నుండి 5కు పడిపోతుంది. కేవలం పంక్తుల లెక్కపై ఆధారపడడంలోని లోపం ఇదే.

సోర్సు బహిరంగత

సోర్సు కోడు బహిరంగమైతే ఎవరైనా పరిశీలించి దోషాలను బయటపెట్టవచ్చు. కాని పరిశీలించే వీలుండడం వేరు, నిజంగా పరిశీలించడం వేరు. ఓపెన్ సోర్సు ప్రోగ్రాము అయిన ఓపెన్ ఎస్ఎస్ఎల్‌లోని 'హార్ట్‌బ్లీడ్' దోషం 2012లో విడుదలై, 2014 ఏప్రిల్ వరకు బయటపడలేదు. 2024 మార్చిలో 'ఎక్స్‌జడ్' అనే ప్రోగ్రాములో రహస్యంగా చేర్చిన దొడ్డిదారిని, లాగిన్ కావడంలో అరసెకను ఆలస్యాన్ని గమనించిన ఒక ఇంజనీరు కనుగొన్నాడు. కోడు బహిరంగంగా ఉన్నందున ఆయన దాని మూలం వరకు వెళ్ళగలిగాడు.

ఓటింగు యంత్రాలు

ఈవీఎంలను హైదరాబాదులోని ఈసీఐఎల్, బెంగుళూరులోని బీఈఎల్ సంస్థలు తయారుచేస్తాయి. ఓట్లను నమోదుచేసి లెక్కించడమనే పరిమితమైన పని వీటిది. వీటి సోర్సు కోడును ప్రజలకు వెల్లడించలేదు.

2010లో హైదరాబాదుకు చెందిన హరిప్రసాద్, అమెరికాకు చెందిన అలెక్స్ హాల్డర్‌మన్, నెదర్లాండ్సుకు చెందిన రాప్ గాంగ్రిప్ ఒక యంత్రాన్ని పరిశీలించి, ఫలితాన్ని చూపే పలకను మార్చడం ద్వారా లెక్కలను తారుమారు చేయవచ్చునని ప్రదర్శించారు. సీళ్ళు, కాపలా వంటి పాలనాపరమైన రక్షణల వలన అది వాస్తవంలో సాధ్యం కాదని ఎన్నికల సంఘం వాదించినది. ఆ ప్రదర్శన ప్రోగ్రాములోని తప్పుపై ఆధారపడలేదు గనుక, కోడు చిన్నదైనా, బహిరంగమైనా ఆ ప్రశ్న తీరేది కాదు.

ఓటరుకు కనబడే కాగితపు చీటీని ముద్రించే వీవీప్యాట్ యంత్రాన్ని 2013లో నాగాలాండ్‌లోని నోక్సెన్ ఉపఎన్నికలో తొలిసారి వాడారు. 2019 లోక్‌సభ ఎన్నికలలో దేశమంతటా వినియోగించారు. శాసనసభ నియోజకవర్గ పరిధికి 5 యంత్రాల చొప్పున చీటీలను లెక్కించి సరిపోల్చాలని సుప్రీంకోర్టు ఆ ఏడాది ఆదేశించినది. అన్ని చీటీలనూ సరిపోల్చాలన్న అభ్యర్థనను 2024 ఏప్రిల్ 26న తోసిపుచ్చినది.

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని భావనపాడు ఓటరు ప్రోగ్రామును చదవలేకపోవచ్చు. కాని తాను వేసిన ఓటు ఎవరికి పడినదో చీటీపై సుమారు 7 సెకన్లపాటు చూడగలడు.

సాఫ్టువేరు స్వతంత్రత

ప్రోగ్రాములో బయటపడని తప్పు ఉన్నప్పటికీ, దాని వలన ఎన్నికల ఫలితం ఎవరూ గుర్తించలేని విధంగా మారకూడదన్న సూత్రాన్ని రొనాల్డ్ రివెస్ట్, జాన్ వాక్ 2006లో ప్రతిపాదించారు. దీనినే సాఫ్టువేరు స్వతంత్రత అంటారు. దీని ప్రకారం కోడు పరిమాణం, బహిరంగత పరిశీలనకు తోడ్పడే అంశాలు మాత్రమే. ఫలితాన్ని కోడుతో నిమిత్తం లేకుండా సరిచూసుకొనే ఏర్పాటు ఉండడం అంతకన్న ముఖ్యం.