ఆరు గంటల వాతావరణము

వాన రాకడయు ప్రాణము పోకడయు ఎవ్వరికిని తెలియవని పెద్దలందురు. ఇందు మొదటిదానిని లెక్కగట్టి చెప్పవచ్చునని 1904లో నార్వే పండితుడు విల్హెల్మ్ బ్యెర్క్‌నెస్ వాదించెను. గాలి చలనము, ఉష్ణము, పీడనము, తేమ భౌతికశాస్త్ర నియమములకు లోబడినవే. నేటి స్థితి తెలిసినచో రేపటిది సమీకరణములనుండి రాబట్టవచ్చును. అయితే ఆ సమీకరణములకు సూటియైన సాధన లేదు. చిక్కంతయు అచ్చటనే.

దానిని విప్పబూనినవాడు ఆంగ్లేయుడగు లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్. ఆకాశమును సుమారు 200 కిలోమీటర్ల గళ్లుగను, ఐదు పొరలుగను విభజించి, గడికిని గడికిని గల భేదములను మాత్రమే గైకొని, కూడికలతో, గుణకారములతో పని నెరవేర్చుట ఆయన మార్గము. క్వేకరు మతస్థుడగుటచే యుద్ధమున ఆయుధము పట్టక, 1916 నుండి 1919 వరకు ఫ్రాన్సులో క్షతగాత్రుల బండి నడపెను. విరామవేళల గడ్డిమోపుపై కూర్చుండి, 1910 మే 20వ తేదీ ఉదయపు పరిశీలనలను గణించెను. 1917లో ఛాంపేన్ పోరున వ్రాతప్రతి పోయి, కొన్ని నెలలకు బెల్జియమున బొగ్గుకుప్ప క్రింద దొరకెను.

ఇంతకును ఫలితమేమి? 6 గంటలలో పీడనము 145 మిల్లీబారులు పెరుగునట! మహా తుపానులలోనైనను అంతటి మార్పు కానరాదు. ఆనాడు జర్మనీలో భారమితి నిజమునకు దాదాపు కదలనేలేదు. ఇట్టి పరాజయమును దాచుకొననివారెందరు? రిచర్డ్‌సన్ 1922 నాటి తన గ్రంథమున దానిని యథాతథముగ అచ్చువేసెను. ఒక విశాల మండపమున 64,000 మంది లెక్కగాండ్రు కూర్చుండి, ప్రపంచపు వాతావరణముతో పందెము వేసి గణించు స్వప్నమును గూడ అందే చేర్చెను. నవ్వు పుట్టించు ఊహయే. కాని వేలకొలది గణకములు కలసి పనిచేయు నేటి యంత్రముల తీరు అదియే.

దోషము సమీకరణములది కాదు. గాలికిని పీడనమునకును ఉండవలసిన పొందిక ఆనాటి కొలతలలో లేకపోవుటచే, ప్రకృతిలో అల్పములగు అలలు లెక్కలో కొండలయ్యెను. తరువాతి కాలమున ఐర్లండు శాస్త్రజ్ఞుడు పీటర్ లించ్ ఆ తొలి సంఖ్యలను సరిదిద్ది అదే లెక్క వేయగా, మార్పు ఒక మిల్లీబారునకు లోపే తేలెను.

1950లో చార్నీ, ఫ్యోర్టాఫ్ట్, ఫాన్ నాయ్‌మన్‌లు సమీకరణములను మిక్కిలి సరళముచేసి ఎనియాక్ యంత్రమున కెక్కించిరి. ఒక దినపు అంచనాకు ఇంచుమించు ఒక దినమే పట్టెను! వృద్ధుడగు రిచర్డ్‌సన్ ఆ ఫలితములను చూచి అభినందించెను, 1953లో మరణించెను.

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమలో వేలమందిని మ్రింగినపుడు, ఇట్టి గణనకు తగిన మహాగణకయంత్రము మన దేశమున లేదు. మధ్యకాలిక అంచనాల జాతీయ కేంద్రము 1988లో ఏర్పడెను. 2013 అక్టోబరులో ఫైలిన్ ఒడిశా తీరమును తాకునప్పటికి లక్షలాది జనము ఇండ్లు విడిచి సురక్షిత స్థలములకు చేరియుండిరి.