గడి కొలతకు లొంగని ఊరి పేరు

"శ్రీకాకుళం" అను పేరు చదువరి కంటికి నాలుగే అక్షరములు. యూనికోడు దానిని విడదీసి 10 సంకేతములుగా లెక్కించును; యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతమొక్కింటికి 3 బైట్లు వలయును గనుక, ఆ పేరు డిస్కుపై 30 బైట్ల చోటాక్రమించును. పటము పట్టికలో ఊరి పేరునకు 25 బైట్ల గడియే కేటాయించి, మించినదానిని బైట్ల లెక్కన తెగగోయు సాఫ్ట్‌వేరు చేతికప్పగించినచో, "శ్రీకాకు" వరకు నిలిచి, ళకారమున మూడవ వంతు మాత్రము మిగిలి, తెరపై అర్థములేని గుర్తుగా గానవచ్చును.

ఈ గడి కొలత నేటిది కాదు. అమెరికాలోని జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో పనిచేసిన వేన్ రాట్లిఫ్ 1970ల చివర రచించిన ప్రోగ్రాము, 1980ల తొలినాళ్లలో డీబేస్-2 అను పేర అంగడికెక్కినది. డిస్కులు చిన్నవియు, యంత్రములు మందకొడివియునైన ఆ దినములలో ప్రతి నమోదును ఒకే పొడవున నుంచుటవలన, వేయవ ఊరి వివరము కావలసినచో దాని ముందున్నవానినన్నిటిని చదువ నక్కరలేక, ఒక్క గుణకారముతో దాని చోటు తెలిసికొనుట సాధ్యమయ్యెడిది. దీనిని లోభమనుట న్యాయము కాదు. అది చక్కని గణితము. జాక్, లారా డేంజర్మండ్ దంపతులు 1969లో స్థాపించిన ఎస్రి సంస్థ, 1990లలో షేప్‌ఫైలు అను పటముల ఫైలు రూపమును వ్యాప్తికి తెచ్చినపుడు, ఆకృతులను వేరు ఫైలులో నుంచి, పేర్లకును సంఖ్యలకును డీబేస్ వాడిన ఆ డీబీఎఫ్ పట్టికనే స్వీకరించినది. దానితో పాత హద్దులును సంక్రమించినవి: పాఠ్యమునకు 254 బైట్లు, కాలమ్ పేరునకు 10. యూటీఎఫ్-8లో తెలుగు శీర్షిక పెట్టబోయినచో "ఊరు" 9 బైట్లలో ఇమిడిపోవును. "మండలం" 15 కోరును, పట్టదు.

2000లో రిచర్డ్ హిప్ అమెరికా యుద్ధనౌక కొరకైన పనిలోనుండి, వేరుగా సర్వరు నడుప నవసరములేని డేటాబేసు కావలెనని తలపోసి ఎస్‌క్యూలైట్‌ను నిర్మించెను. ఆ పాత గడుల పట్టికలకు భిన్నముగా, ఇందు ప్రకటించిన నిడివికి నిర్బంధమే లేదు. వార్‌చార్(10) అని వ్రాసిన కాలమ్‌లో వేయి అక్షరములు పెట్టినను మారుపలుకక దాచుకొనును. రకమును నిర్ణయించు తీరు మరింత వింతయైనది: రకము పేరులో ఐ, ఎన్, టి అను ఆంగ్లాక్షరములు వరుసగా గానవచ్చిన జాలును, పూర్ణాంకముగా దలచును. బిందువను నర్థముగల పాయింట్ అను మాటలో ఆ మూడును గలవు గదా! ఆకృతులు బ్లాబ్, అనగా ముడి బైట్ల మూట, రూపమున నుండుటచే మార్పుచెందక బ్రతికిపోయినవి గాని, "0512" అను గ్రామ సంకేతమును సంఖ్యా కాలమ్‌లో నుంచినచో సున్న మాయమై 512 మిగులును. ఇట్టి సంకేతములను పాఠ్యముగానే యుంచవలెనని నా దృఢాభిప్రాయము. వానిని ఎవరును కూడబోరు, హెచ్చవేయబోరు.

2008లో ఇటలీ దేశస్థుడైన అలెస్సాండ్రో ఫురియెరి వెలువరించిన స్పేషియాలైట్, ఎస్‌క్యూలైట్‌కు పటముల పనిని జోడించుచు, ఆ స్వేచ్ఛకు కొంత కళ్లెము వేసినది. బిందువులకని నమోదైన కాలమ్‌లో బహుభుజి జొరబడబోయినచో ట్రిగర్లు అడ్డగించును. పేర్ల పొడవునకు అట్టి కావలి లేదు. 2014లో భౌగోళిక సమాచార ప్రమాణముల సంస్థయైన ఓజీసీ ఆమోదించిన, ఎస్‌క్యూలైట్‌పైనే కట్టిన జియోప్యాకేజీ, టెక్స్ట్(40) వంటి ప్రకటనను గుర్తించును, ఆ 40 బైట్ల లెక్కయు గాదు. అయినను దానిని పాటింపజేయు భారము ప్రోగ్రాములదే గనుక, కట్టడి కావలసినవారు చెక్ షరతును స్వయముగా వ్రాసికొనవలయును.

పాత షేప్‌ఫైలును జియోప్యాకేజీలోనికి మార్చుకొనువారు గడి విశాలమైనదని సంతోషించి యూరకుండరాదు. మునుపే తెగిన "ళం" దానంతట తిరిగి రాదు. మూలమైన జాబితాను ముందుంచుకొని, ఒక్కొక్క ఊరి పేరును మరల టైపు చేయవలసినదే.